గడియ బాగుచేయించాం

హోటల్లో దిగినవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళాక ఫోన్లో మా గురించి ఏం రాశారో చదవడం, ఒక్కొక్కరికీ మర్యాదగా బదులివ్వడం నా పనుల్లో ఒకటి. కోవిల్‌పట్టి బస్టాండుకు దగ్గర్లో మూడంతస్తుల హోటల్ అది. పేరు చెప్పను. ఇరవై రెండు గదులు. పగలంతా రిసెప్షన్‌లో నేనే ఉండేదాన్ని. అగ్గిపెట్టెల ఏజెంట్లు, కళుగుమలై గుడికి పోయేవాళ్ళు, పెళ్ళిళ్ళకు వచ్చే చుట్టాలు మాకు ఎక్కువ.

రాసేవాళ్ళు మంచీ రాస్తారు, చెడ్డా రాస్తారు. పక్క వీధిలో పల్లీపట్టీ చేసేవాళ్ళ బెల్లం పాకం వాసన కిటికీలోంచి వస్తుందని, అదొక్కటే చాలని ఒకాయన ఐదు నక్షత్రాలిచ్చాడు. అదే వాసనకు తలనొప్పి వచ్చిందని ఇంకొకావిడ రెండే ఇచ్చింది. ఇద్దరికీ ధన్యవాదాలు చెప్పాను. దిండు గట్టిగా ఉందన్నవాళ్ళకు మార్చామని రాసేదాన్ని. నీళ్ళు సన్నగా వస్తున్నాయన్నవాళ్ళకు కొత్త మోటారు పెట్టామని రాసేదాన్ని. నిజంగా పెట్టామా లేదా అని ఎవరూ మళ్ళీ వచ్చి చూడరు.

207 గది గురించి ఒకతను రాశాడు. బాత్‌రూమ్ లోపలి గడియ బిగుసుకుపోతోందని, పది నిమిషాలు ఇరుక్కుపోయి అరిస్తే గానీ ఎవరూ రాలేదని. మేనేజర్ చెల్లదురై గారికి చూపించాను. "పెళ్ళిళ్ళ సీజన్ అయిపోనీ, వడ్రంగిని పిలుద్దాం" అన్నారు. నేను కింద బదులు రాశాను: "గడియ బాగుచేయించాం. అసౌకర్యానికి క్షమించండి." నెల తిరిగేసరికి ఇంకొకరు అదే గది గురించి, అదే గడియ గురించి రాశారు. అదే బదులు మళ్ళీ పెట్టాను.

ఆ తర్వాత మే నెలలో కృష్ణమ్మాళ్ వచ్చింది.

డెబ్బై ఏళ్ళ మనిషి. అరుప్పుకోట్టైలో మగ్గాలున్న కుటుంబం. కొడుకు రంగనాథన్ చెయ్యి పట్టుకుని వాకిలి మెట్లెక్కించాడు. వెనక వీధి మండపంలో వాళ్ళ చుట్టాల పెళ్ళి. మోకాళ్ళ నొప్పులని, మండపంలో పడుకోవడం ఆమె వల్ల కాదని తల్లికి ఇక్కడ గది తీసుకున్నాడు. ఆ సమయంలో నేను ఫోన్లో మా అమ్మతో మాట్లాడుతున్నాను. మా ఇంట్లో తెలుగే. బయట అంతా తమిళమే. హోటల్లో నాకు తెలుగు వచ్చని గదులు ఊడ్చే తంగమక్కకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ మాటలు విని ముసలావిడ కౌంటరు దగ్గరికొచ్చింది.

"ఏమ్మి, మన బాస పిల్లవా నువ్వు?"

"అవును అవ్వా. ఎట్టయాపురం పక్కన పల్లె."

"పేరు?"

"సుధాలక్ష్మి."

ఆమె కౌంటరు మీద చెయ్యి పెట్టి నవ్వింది. వేళ్ళ నిండా నూలు కోసిన సన్నటి గీతలు. ఆమె చీర దగ్గర గంజి పెట్టిన కొత్త నూలు వాసన. "ఇంగేం, నాకు బయం లేదు. మన పిల్లే ఉండాది ఈడ" అంది కొడుకుతో.

యాత్రికుల బస్సు కోసం ముందే పక్కన పెట్టినవి పోను, ఆ రోజు ఖాళీగా ఉన్న గది 207 ఒక్కటే. తాళంచెవి ఇచ్చేటప్పుడు గడియ సంగతి గుర్తొచ్చింది. చెబుదామనుకున్నాను. అంతలో ఫోన్ మోగింది.

మధ్యాహ్నం మూడున్నరకు తంగమక్క కిందికొచ్చింది. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. "సుధమ్మా, 207 వైపు ఏదో తట్టినట్టు వినిపిస్తోంది" అంది.

అప్పుడే ఆ యాత్రికుల బస్సు వచ్చింది. పద్దెనిమిది మంది, అందరికీ ఒకేసారి గది కావాలి. "208లో ఏసీ బిగిస్తున్నారు కదక్కా, అదే అయ్యుంటుంది. నువ్వు ముందు దుప్పట్లు తీసుకురా" అన్నాను.

ఏసీ బిగించేవాడు ఒంటి గంటకే వెళ్ళిపోయాడు. వెళ్తూ నాతోనే సంతకం పెట్టించుకున్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ మాట అన్నాను.

ఆరు గంటలకు రంగనాథన్ తల్లికని పెళ్ళి భోజనం క్యారియర్‌లో పట్టుకొచ్చాడు. తలుపు ఎంత కొట్టినా తీయలేదు. నా దగ్గరున్న రెండో తాళంచెవితో గది తెరిచాం. బాత్‌రూమ్ తలుపు మాత్రం పగలగొట్టాల్సి వచ్చింది. ఆమె బోర్లించిన బకెట్ మీద కూర్చుని, తలుపు పక్క గోడకు తల ఆనించి ఉంది. తట్టీ తట్టీ కుడిచేతి కణుపులు చెక్కుకుపోయాయి. అంబులెన్స్‌కు ఫోన్ చేసింది నేనే. గుండె ఆగిపోయిందన్నారు. షుగరు మనిషి, ఎండ, గాలి ఆడని గది అన్నారు.

పోలీసు ఒకాయన అడిగాడు. "గడియ గురించి ఇంతకుముందు ఎవరైనా చెప్పారా?"

"లేదు సార్. ఎవరూ చెప్పలేదు."

ఆ సాయంత్రమే ముందు రాసిన ఇద్దరికీ ఫోన్ చేశాను. రాసింది తీసేయమని, ఈసారి వస్తే మంచి గది ఇస్తామని బతిమాలాను. ఇద్దరూ తీసేశారు. వాళ్ళు రాసిందీ పోయింది, నా బదులూ పోయింది. మర్నాడు వడ్రంగి వచ్చి మెరిసే స్టీలు గడియ బిగించాడు. అరగంట పని.

రంగనాథన్ వెళ్ళేముందు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మా అమ్మని కడదాకా చూసుకున్నారు" అన్నాడు. నేను తలదించుకున్నాను. దుఃఖమనుకున్నాడు.

రెండు నెలలు ఏమీ జరగలేదు. జూలైలో ఒక అగ్గిపెట్టెల ఏజెంటు 207 గురించి రాశాడు. "పనివాళ్ళు మంచివాళ్ళు. స్నానానికి వెళ్తుంటే గడియ వేసుకోవద్దని ఒక పెద్దావిడ చెప్పింది. కొంచెం వింతగా అనిపించింది గానీ, మన మేలు కోరే చెప్పింది." నాలుగు నక్షత్రాలు. తంగమక్క అయ్యుంటుందనుకున్నాను. ధన్యవాదాలు రాశాను.

ఆగస్టులో ఒక జంట రాశారు. తమ పిల్లవాడు స్నానం చేసినంతసేపూ బాత్‌రూమ్ బయట కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్న అవ్వకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఐదు నక్షత్రాలు. మా హోటల్‌కు అంత మంచి మాట ఎప్పుడూ రాలేదు. చెల్లదురై గారు అది అచ్చు వేయించి కౌంటరు దగ్గర అంటించారు.

తంగమక్కను అడిగాను. ఆమె నా మొహం కేసి చూడలేదు. "నేను ఆ గదిలోకి ఒంటరిగా పోయి చాలా రోజులైంది. తలుపు తెరిచిపెట్టి, నిలబడే ఊడ్చేసి వచ్చేస్తాను" అంది.

సెప్టెంబరులో ఒకే ఒక్క నక్షత్రం వచ్చింది. రాసింది గాంధిమతి అని, శ్రీవిల్లిపుత్తూరు టీచరమ్మ. అనుమతి లేకుండా పనివాళ్ళను గదిలోకి ఎలా పంపిస్తారని కోపంగా అడిగింది. "సిబ్బందికి చెప్పాం, ఇకమీదట జరగదు" అని టైపు చేశాను. పంపడానికి వేలు ఆడలేదు. నంబరు వెతికి ఫోన్ చేశాను.

"గది తలుపు లోపలినుంచి నేనే వేసుకున్నానమ్మా" అందావిడ. "స్నానం చేసి వస్తే ఆమె కుర్చీలో కూర్చుని ఉంది. ఎంతసేపాయె, ఎంతసేపాయె అని అడుగుతోంది. తెలుగు అనుకుంటా. బట్టలు తీసుకుందామని ఇటు తిరిగాను. మళ్ళీ చూస్తే లేదు."



"ఇంకొక మాట" అందావిడ. "ఆమె కుడిచేతి కణుపులు చెక్కుకుపోయి ఉన్నాయి. పెద్దామె. మందు రాయించండి."

ఆ గదికి తాళం వేసి, ఏసీ పనిచేయదని చెల్లదురై గారికి అబద్ధం చెప్పాను.

అక్టోబరు ఆఖర్లో వానలు పట్టుకున్నాయి. ఒకరోజు నాలుగింటికే బజారంతా చీకటి పడింది. కరెంటు పోయింది. జనరేటర్ కింది అంతస్తుకు మాత్రమే. వానకు తంగమక్క రాలేదు. చెల్లదురై గారు తూత్తుకుడి వెళ్ళారు. గదులు చాలావరకు ఖాళీ. 107 ముందు నుంచి పోతుంటే కాళ్ళకు నీళ్ళు తగిలాయి. పైకప్పు నుంచి ధారగా కారుతోంది. దాని పైగది 207.

పైన ఎవరో కొళాయి తెరిచారు.

ఫోన్ కౌంటరు దగ్గర ఛార్జింగ్‌లో ఉంది. ఒక్క నిమిషం పని కదా అని వదిలేసి, టార్చి పట్టుకుని మెట్లెక్కాను. తాళం తీశాను. నెల రోజులుగా మూసి ఉన్న గది ముక్కిన వాసన రావాలి. రాలేదు. గంజి పెట్టిన కొత్త నూలు వాసన వచ్చింది.

బాత్‌రూమ్ తలుపు గోడదాకా తెరిచాను. కొళాయి సన్నగా పారుతోంది, బకెట్ నిండి పొర్లుతోంది. నీళ్ళు పోయే జాలీకి తెల్లటివేవో అడ్డుపడ్డాయి. వంగి లాగాను. నూలుపోగులు. లాగేకొద్దీ వస్తూనే ఉన్నాయి. ఒక గుప్పెడు... రెండు గుప్పెళ్ళు...

వెనక తలుపు పడింది.

గాలికి పడ్డట్టు కాదు. నిద్రపోతున్నవాళ్ళు లేవకుండా వేసినట్టు, మెల్లగా. ఆ తర్వాత గడియ జరిగిన చప్పుడు.

లోపలివైపు గడియ అది. లోపల ఉన్నది నేనొక్కదాన్నే.

టార్చి ఆరిపోయింది. చీకట్లో తలుపు తడిమాను. చేతికి నున్నటి స్టీలు తగలాలి. గరుకైన తుప్పు తగిలింది. వడ్రంగి ఊడబీకి తీసుకుపోయిన పాత గడియ. రెండు చేతులతో లాగాను. కదల్లేదు. తట్టాను. అరిచాను. వాన నా గొంతును మింగేసింది.

కొళాయి తనంతట తనే ఆగిపోయింది.

ఉక్క మొదలైంది. బయట వాన పడుతుంటే లోపల మే నెల ఎండ. గోడ మీద చెయ్యి వేస్తే కాలింది. చెమట కళ్ళలోకి కారుతోంది. బకెట్ బోర్లించి కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, ఎలా కూర్చున్నానో... లేవబోయాను. లేవలేకపోయాను.

అప్పుడు బయట కుర్చీ లాగిన చప్పుడు.

ఎవరో కూర్చున్నారు. మోకాళ్ళు నొప్పిగా ఉన్నవాళ్ళు కూర్చున్నట్టు, ఆగి ఆగి. తలుపుకు అవతల, నా చెవి దగ్గరే, గుసగుసగా గొంతు.

"ఎవురమ్మా లోపల?"

తలుపు దగ్గర్నుంచి తల వెనక్కి తీసుకున్నాను.

"ఎవురు?"

"నేను... సుధ."

"ఎంతసేపాయె?"

"తెలీదు అవ్వా."

"తట్టినావా?"

"తట్టాను."

"ఎవురన్నా వచ్చిరా?"

"రాలేదు."

తలుపుకు అవతల ఊపిరి వినిపిస్తోంది. ఆ తర్వాత, ఏడ్చే బిడ్డను సముదాయించినట్టు అంది. "ఓర్చుకో తల్లీ. మన పిల్ల ఉండాది కింద. వస్తాది. నేనూ అట్లే అనుకుంటి."

ఆ మాటకు నాలో ఏదో తెగిపోయింది. ఆమె తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. తలుపుకు నుదురు ఆనించి చెప్పాను. గడియ పాడైందని ముందే తెలుసని. బాగుచేయించామని రెండుసార్లు రాశానని. తట్టిన చప్పుడు సంగతి తంగమక్క చెప్పినా పైకి రాలేదని. పోలీసుకు అబద్ధం చెప్పానని. ఒక్కటీ దాచలేదు.

అవతల ఊపిరి కూడా ఆగిపోయింది.

"ఇది ఎవురికి చెప్పినావు?"

"ఎవరికీ చెప్పలేదు."

"నా కొడుక్కి చెప్పు."

"చెప్తాను అవ్వా."

"ఎప్పుడు?"

"ఆదివారం. వచ్చే ఆదివారం పోయి చెప్తాను."

"సరే" అంది. "నేను కాచుకోనుంటా."

గడియ జారింది.

బయట ఎవరూ లేరు. కుర్చీ బాత్‌రూమ్ తలుపుకు ఎదురుగా ఉంది. తలుపు లోపలివైపు స్టీలు గడియ మెరుస్తోంది. నా అరచేతుల్లో మాత్రం తుప్పు. మహా అయితే అరగంట అయ్యుంటుందనుకుంటూ కిందికి దిగాను. గోడ గడియారం ఎనిమిది చూపిస్తోంది. నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లో నన్ను వెతుక్కుంటూ ఎవరూ రాలేదు.

ఆదివారం అరుప్పుకోట్టై బస్సెక్కాను. దారంతా ఏం చెప్పాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో లోపల అనుకుంటూనే ఉన్నాను. ఆ వీధిలో ప్రతి ఇంట్లోంచీ మరమగ్గాల చప్పుడు. నన్ను చూడగానే రంగనాథన్ మగ్గం ఆపి లేచి వచ్చాడు.

"రాండమ్మా. మీరు రావడం మాకెంతో సంతోసం."

భార్యను పిలిచి కాఫీ పెట్టమన్నాడు. "మా అమ్మ కడసారి మాట్లాడింది ఈమెతోనే. మన బాస పిల్ల ఉండాదని ఆ పొద్దు ఎంత కుశాలు పడిందో" అన్నాడు ఆమెతో. గోడ మీద కృష్ణమ్మాళ్ ఫోటో, దండ. నేను అటు చూడలేకపోయాను.

"ఒక సంగతి చెప్పాలని వచ్చాను" అన్నాను.

"చెప్పండమ్మా."

అతని మొహంలో నా మీద ఎంత గౌరవమో. ఆ గౌరవం నా కళ్ళముందే పోతుంది. ఆ తర్వాత పోలీసులు, ఉద్యోగం, మా అమ్మ...

"ఏమీ లేదు. ఒకసారి చూసిపోదామని వచ్చాను" అన్నాను.

అతను లోపలికి వెళ్ళి ఒక చీర తెచ్చి నా చేతిలో పెట్టాడు. "అమ్మ చేతిమగ్గం మీద కడసారి నేసిన చీర. మీరు ఉంచుకోండి" అన్నాడు. తీసుకున్నాను. నేను ఎన్నో తప్పులు చేశాను గానీ, ఆ చీర తీసుకోవడం అన్నిటికంటే పెద్దది.

వాకిట్లో దాకా వచ్చి సాగనంపుతూ అతనే అన్నాడు. "అమ్మ ఎవురినీ తొందర పెట్టే మనిషి కాదమ్మా. అన్నంకోసమైనా, బస్సుకోసమైనా, గమ్మున కూర్చుని కాచుకుంటాది."

నెల లోపల ఆ ఉద్యోగం మానేశాను. విరుదునగర్‌లో, పప్పుల మండీల దగ్గర ఒక చిన్న హోటల్లో చేరాను. పద్నాలుగు గదులు. చేరిన రోజే అన్ని గదుల బాత్‌రూమ్ గడియలూ నేనే వేసి, తీసి చూశాను. ఇక్కడ ఎవరేం చెప్పినా ఆ పూటే బాగుచేయిస్తాను. అందరూ మంచిగానే రాస్తున్నారు. మూడు నెలలు అలా గడిచాయి. రంగనాథన్ నంబరు ఫోన్లో ఉంది. రోజూ తీసి చూస్తాను.

మొన్న ఉదయం ఏడు గంటలకు ఒక నూనె వ్యాపారి గది ఖాళీ చేస్తూ కౌంటరు దగ్గర ఆగాడు.

"బస బాగుందమ్మా. ఒక్కటే లోపం. బాత్‌రూమ్‌కు గడియ లేదు."

ఉందని చెప్పబోతుండగా వెనక నిలబడ్డావిడ అంది. "మా గదిలో కూడా లేదు."

పైకి వెళ్ళి చూశాను. పద్నాలుగు గదుల్లోనూ గడియలు లేవు. మనుషులున్న గదుల్లోనూ లేవు, తాళం వేసి తాళంచెవులు నా సొరుగులో ఉన్న గదుల్లోనూ లేవు. ఎవరూ పగలగొట్టలేదు. స్క్రూలు ఒక్కొక్కటీ ఓపికగా విప్పి, గడియతోపాటు చేతులు కడుక్కునే బేసిన్ అంచున వరసగా పెట్టారు.

కిందికి దిగి వచ్చాను. కౌంటరు వెనక చిన్న బాత్‌రూమ్ ఒకటుంది. ఈ హోటల్లో పనిచేసే ఆడదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి దాన్ని వాడేది కూడా నేనొక్కదాన్నే. తలుపు తీసి చూశాను.

అక్కడ గడియ ఉంది. నిన్నటిదాకా రెండు స్క్రూల మీద వదులుగా ఊగుతుండేది. ఇప్పుడు నాలుగు ఉన్నాయి. నాలుగూ కొత్తవి, మొదలంటా బిగించి ఉన్నాయి.